ఒంటికి తగిన బండి: తిరుగుతూ పనిచేసేవారి పరికరాలను రూపొందించడం ఎలా?

బెంగళూరులో ఏ పాత కాలనీలోకి వెళ్లినా, చెట్టు నీడ ఉన్న మలుపులో ఒక ఇస్త్రీ బండి కనిపిస్తుంది. వాటి వెనుక నిలబడి పనిచేసేవారిలో చిత్తూరు, అనంతపురం వైపుల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. అదే వీధిలోకి స్కూటర్ మీద ప్లంబరు, భుజాన సంచితో ఎలక్ట్రీషియను, సైకిలుకు సానరాయి బిగించుకుని కత్తులకు పదును పెట్టే మనిషి వచ్చిపోతుంటారు. వీరి చేతిపనిలో ఎంత నేర్పు ఉంటుందో మనకు తెలుసు. అయితే వారు వాడే బండి, పెట్టె, సంచి మాత్రం వెల్డింగ్ షాపులో మిగిలి ఉన్న పైపు పొడవును బట్టో, అంతకు ముందు చేసిన బండి కొలతను బట్టో తయారవుతాయి. దాన్ని రోజంతా వాడబోయే మనిషి మోచేయి నేల నుంచి ఎంత ఎత్తున ఉందో ఎవరూ కొలవరు. నడుము నొప్పి, మణికట్టు వాపు, మోకాళ్ల అరుగుదల వయసుతో వచ్చేవని ఊరుకుంటాం గాని, వాటికి కొలత తప్పిన పరికరం కూడా కారణం కావచ్చు.

డిజైన్ చదువుతున్న విద్యార్థులకు, వెల్డింగ్ షాపు నడిపేవారికి, తమ ఇంట్లోవారి కోసం మంచి బండి చేయించాలనుకునేవారికి ఉపయోగపడాలని ఈ పద్ధతిని రాస్తున్నాను. దీనికంతటికీ ఆధారం ఒక్కటే: పరికరం ఎత్తు, పిడి, అరల అమరిక వాడే మనిషి ఒంటి నుంచి రావాలి, బరువు, చక్రం, మడత ఆ మనిషి రోజూ నడిచే దారి నుంచి రావాలి. ఇస్త్రీ బండిని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటాను. పద్ధతి తెలిస్తే మిగతా వృత్తులకు మార్చుకోవడం కష్టం కాదు.

ముందుగా ఒక మనిషిని, ఒక పూర్తి రోజును చూడండి

అందరికీ పనికొచ్చే బండి చేయాలన్న ఆలోచనతో మొదలుపెట్టకండి. ఒక్క మనిషిని ఎంచుకుని, వారి అనుమతి తీసుకుని, బండిని రాత్రి పెట్టే చోటు నుంచి తెల్లవారి బయలుదేరినప్పటి నుంచి, మళ్లీ అక్కడికి చేర్చి తాళం వేసేవరకు వెంట ఉండండి. ఇస్త్రీ చేస్తున్న సమయాన్ని మాత్రమే చూసి వచ్చేస్తే సగం పనే చూసినట్టు. బండిని ఫుట్‌పాత్ అంచు ఎక్కించడం, బొగ్గుల బస్తా దించడం, బట్టల మూటను అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి మోసుకురావడం, వాన చినుకు పడగానే టార్పాలిన్ లాగడం వంటివి నిమిషాల్లో అయిపోతాయి గాని, నడుముకు పెద్ద దెబ్బలు తగిలేది ఆ నిమిషాల్లోనే.

చూసేటప్పుడు నాలుగు విషయాలు రాసుకోండి. మోకాలి కంటే కిందికి ఎప్పుడు వంగుతున్నారు, భుజం కంటే పైకి చేయి ఎప్పుడు ఎత్తుతున్నారు, బరువు చేతిలో ఉండగా నడుమును పక్కకు ఎప్పుడు తిప్పుతున్నారు, ఒకే భంగిమలో ఎంతసేపు నిలిచిపోతున్నారు. ఈ నాలుగింటిలో మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. వంగి బరువెత్తి అదే ఊపున పక్కకు తిరగడం వెన్ను కింది భాగంలోని డిస్కులకు ఏమాత్రం మంచిది కాదు.

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యం. "ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడిగితే చాలామంది "ఏమీ లేదు సార్, అలవాటైపోయింది" అంటారు. "రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నారు?", "పొద్దున లేవగానే ఏ వేలు మడతపడదు?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. మా వీధిలో భర్తతో కలిసి బండి నడిపే ఒకావిడను అలా అడిగినప్పుడు, "నడుము సంగతి అటుంచన్నా, ఈ బొటనవేలి మొదలు చూడు, పాలగిన్నె కూడా పట్టుకోనివ్వడం లేదు" అన్నారు.

ఆ మాట విన్న తర్వాతే ఆమె కుడిచేతిని జాగ్రత్తగా గమనించాను. బొగ్గుల పెట్టెను, అంటే బొగ్గులతో వేడెక్కే ఇస్త్రీ పెట్టెను, ఆనించడానికి బల్ల కుడి మూల వెనకవైపు రెండు ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఒక చొక్కాకు కాలరు, చేతులు, వీపు, ముందుభాగం అంటూ బట్టను తిప్పిన ప్రతిసారీ ఆ బరువైన పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి, చేయి చాచి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచి ఇటుకల మీద పెడుతున్నారు. నొప్పి ఇస్త్రీ రుద్దడం వల్ల రాలేదు, పెట్టెను పెట్టి తీయడం వల్ల వచ్చింది. దీనికి పరిష్కారం చాలా చిన్నది. బల్ల పరుపుకు సరిసమానమైన ఎత్తులో, చేతికి దగ్గరగా, కడప రాతి ముక్క మీద మందపాటి ఇనుప రేకు అమర్చి, పెట్టె అవతలికి జారిపోకుండా మూడు వైపులా చిన్న అంచు కట్టాలి. అప్పుడు పెట్టెను ఎత్తనక్కరలేదు, జరిపితే చాలు. బండి మొత్తం మార్చే డబ్బు లేనివారు ఈ ఒక్క మార్పుతో మొదలుపెట్టవచ్చు. ఇలాంటిచోట వేడి తట్టుకుంటుందని ఆస్‌బెస్టాస్ రేకు మాత్రం వాడకండి. దాని సన్నని పీచు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

కొలతలు తీసుకోవడం, వాటితో బల్ల ఎత్తు నిర్ణయించడం

రోజూ వేసుకునే చెప్పులతోనే నిలబెట్టి, నేల నుంచి మోచేయి, భుజం, మోకాలు, వేలాడదీసిన చేతి పిడికిలి ఎంత ఎత్తున ఉన్నాయో కొలవండి. ముందుకు చాచిన చేయి పొడవు, అరచేతి వెడల్పు కూడా రాసుకోండి. టేపు, గోడ, పెన్సిలు ఉంటే చాలు. బండిని ఇద్దరు వాడుతుంటే ఇద్దరివీ తీసుకోవాలి. సగటు కొలత తీసి బండి చేస్తే అది ఇద్దరిలో ఎవరికీ సరిపోదు. చేయి అందవలసిన వస్తువులను పొట్టివారి కొలతతో, తల తగలకూడని కప్పును పొడుగువారి కొలతతో, బల్ల ఎత్తును అసలు పని ఎవరు ఎక్కువ చేస్తారో వారి కొలతతో నిర్ణయించాలి.

తేలికపాటి చేతిపనికి బల్ల మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దిగువన ఉండాలని ఎర్గానమిక్స్‌లో, అంటే పనిని మనిషి ఒంటికి తగినట్టు అమర్చే శాస్త్రంలో, ఒక సాధారణ సూత్రం ఉంది. గడియారం బాగుచేయడం వంటి సూక్ష్మమైన పనికి మోచేతి కంటే కొంచెం పైన, బలం పెట్టి నొక్కే పనికి ఇంకా కిందుగా ఉండాలి. అయితే ఈ సూత్రాన్ని యథాతథంగా ఇస్త్రీ బల్లకు పెట్టేయకూడదు. ఇక్కడ చేయి ఉండేది బల్ల మీద కాదు, పెట్టె పిడి మీద. బొగ్గుల పెట్టె ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని పిడి బల్ల నుంచి 18 సెంటీమీటర్ల దాకా పైన ఉండవచ్చు. కరెంటు పెట్టె పిడి అంతకంటే చాలా కింద, 11 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మీరు చూస్తున్న పెట్టెను మీరే కొలవండి.

లెక్క ఇలా వేయండి. పిడి పట్టుకున్న గుప్పిలి మోచేతికి 5 నుంచి 10 సెంటీమీటర్ల దిగువన ఉంటే భుజం పైకి లేవదు, నడుమూ వంగదు. మోచేయి 96 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న స్త్రీకి, బొగ్గుల పెట్టె పిడి 18 సెంటీమీటర్లయితే, 96 లోంచి 5, 18 తీసేయగా బల్ల ఎత్తు 73 సెంటీమీటర్లు వస్తుంది. అదే ఆమె 11 సెంటీమీటర్ల పిడి ఉన్న పెట్టెకు మారితే బల్ల 80 సెంటీమీటర్లు కావాలి. బొగ్గుల నుంచి గ్యాసుకో కరెంటుకో మారిన చాలామంది, పెట్టె తేలికయినా నడుము నొప్పి ఎందుకు పెరిగిందో తెలియక బాధపడటానికి ఈ ఏడు సెంటీమీటర్లే కారణం కావచ్చు. పెట్టె మార్చినప్పుడు బల్ల ఎత్తు కూడా మార్చాలి.

భర్త మోచేయి 106 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఆయనకు కావలసిన బల్ల పది సెంటీమీటర్లు ఎక్కువ. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఒకరు ఎక్కువసేపు, రెండోవారు అప్పుడప్పుడు చేసేటట్లయితే, మొదటివారి ఎత్తుకే బల్ల చేయండి. ఇద్దరూ సమానంగా చేసేటట్లయితే పొడుగువారి ఎత్తుకు బల్ల చేసి, పొట్టివారు నిలబడేందుకు చెక్క మెట్టు చేయండి. ఆ మెట్టు బల్ల పొడవంతా ఉండాలి, పాదం పూర్తిగా ఆనేంత వెడల్పు ఉండాలి. చిన్న పీట లాంటిది వేస్తే పక్కకు అడుగేసినప్పుడు కాలు జారుతుంది. బల్ల కాళ్లకు పైపులో పైపు దూర్చి, రంధ్రాల్లో పిన్ను పెట్టి ఎత్తు మార్చే ఏర్పాటు చాలామంది సూచిస్తారు. మొదట ఎత్తు సరిచూసుకోవడానికి, తర్వాత పెట్టె మారినప్పుడు సవరించుకోవడానికి అది మంచిదే. రోజుకు నాలుగుసార్లు మనుషులు మారినప్పుడల్లా పిన్ను తీసి పెట్టేంత తీరిక మాత్రం వీధిలో ఎవరికీ ఉండదు.

ఎత్తు కుదిరాక చేతి అందుబాటు చూడండి. మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని అటూఇటూ తిప్పితే ఎంత మేర అందుతుందో, నిమిషానికోసారి వాడే నీళ్ల సీసా, పెట్టె ఆనించే రేకు ఆ మేరలోనే ఉండాలి. ఇస్త్రీ కావలసిన మూటలు మోకాలికి పైన, భుజానికి కింద ఉండే అరలో ఉండాలి. నేలమీది నుంచి ఒక్కొక్క బట్ట తీసుకుంటూ పోతే ఆ వంగడం రోజుకు వందలసార్లు అవుతుంది. నిలబడేవారి పాదాల ముందు, కింది అరకు నేలకు మధ్య, కాలి వేళ్లు లోపలికి పోయేంత ఖాళీ వదలండి. 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున ఒక అడ్డపైపు వేస్తే, ఒక కాలు మార్చి ఒక కాలు దానిపై ఆనించుకోవచ్చు. గంటల తరబడి నిలబడేవారికి అది ఇచ్చే ఊరట చాలా ఎక్కువ, అయ్యే ఖర్చు చాలా తక్కువ.

బరువుకు బడ్జెట్ వేయండి

డబ్బుకు బడ్జెట్ వేసినట్టే, గీత గీయకముందే బరువుకూ ఒక పట్టిక వేయండి. చట్రం, బల్ల, చక్రాలు, పెట్టె, ఇంధనం, బట్టలు, గొడుగు, నీళ్ల క్యాను అన్నీ రాసి ఎదురుగా కిలోలు వేయాలి. 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు 1.6 మిల్లీమీటర్ల మందంతో మీటరుకు దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. ఒక మామూలు బండి చట్రానికి 18 మీటర్లు పడితే అది 21 కిలోలకు పైమాటే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు 7 నుంచి 8 కిలోలు ఉంటుంది. గట్టిగా ఉండాలని వెల్డరు మందపాటి పైపు వేస్తానంటారు. చట్రం ఊగకుండా ఆపేది పైపు మందం కాదు, మూలమూలకూ వేసిన ఏటవాలు కడ్డీ. రెండు ఏటవాలు కడ్డీలు వేయించి పైపు మందం తగ్గిస్తే, బండి తేలికవుతుంది, గట్టిగానూ ఉంటుంది.

చేత్తో ఎత్తే వస్తువుల లెక్క వేరు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన బరువెత్తే సూత్రం ప్రకారం, అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పుడు సిఫారసు చేసే గరిష్ఠ బరువు 23 కిలోలు. అంటే బరువు ఒంటికి ఆనుకుని, నడుము ఎత్తున, తిరగకుండా, అరుదుగా ఎత్తినప్పుడు. అదే బరువు ఒంటికి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ అంకె సగానికి పడిపోయి 11.5 కిలోలవుతుంది. అది నేలమీద ఉండి వంగి తీయవలసి వస్తే 9 కిలోల లోపుకు దిగుతుంది. బండి అడుగు అరలో లోపలికంటా తోసిపెట్టిన సిలిండరు, బ్యాటరీ సరిగ్గా ఈ స్థితిలోనే ఉంటాయి. కాబట్టి బరువైన వస్తువును బండి అంచుకు దగ్గరగా, వీలైతే మోకాలి ఎత్తున ఉంచి, పక్క నుంచి జార్చి తీసే ఏర్పాటు చేయండి.

ఇంధనం ఎంపికలో బరువే నిర్ణేత అవుతుంది. బొగ్గుల పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, పైగా పెట్టె బరువు. వీలైనంత త్వరగా దాన్ని వదలడమే మంచిది. పక్క రాష్ట్రంలోని తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ పాఠశాల విద్యార్థినిగా ఉన్నప్పుడే సౌరశక్తితో నడిచే ఇస్త్రీ బండిని రూపొందించి, 2021లో పర్యావరణ పరిష్కారాలకు ఇచ్చే ఎర్త్‌షాట్ పురస్కారం తుది జాబితాలో నిలిచింది. ఆ ఆలోచన వెళ్లవలసిన దిశను చూపించింది. మీరు సొంతంగా అలాంటిది చేయదలిస్తే ముందు లెక్క చూసుకోండి. వెయ్యి వాట్ల పెట్టె సగం సమయం వేడెక్కుతూ ఉందనుకుంటే ఆరు గంటల పనికి మూడు యూనిట్ల కరెంటు కావాలి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు, దాని బరువు 30 కిలోల దరిదాపు. పైగా దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. అంటే అలాంటివి ఐదు మోయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సగం కంటే తక్కువ బరువుంటుంది గాని ధర ఎక్కువ. రోజూ తోసుకుంటూ తిరిగే బండికి ప్రస్తుతానికి ఐదు కిలోల గ్యాసు సిలిండరు, గ్యాసు ఇస్త్రీ పెట్టె అనువైనవని నా అభిప్రాయం. సిలిండరును నిటారుగా, వేడికి దూరంగా కట్టాలి. వంటగ్యాసు గాలికంటే బరువైనది కాబట్టి ఆ అర అడుగుభాగం జల్లెడలా తెరిచి ఉండాలి. మూసిన పెట్టెలో గ్యాసు కారితే కిందనే పేరుకుంటుంది. ట్యూబుకు ఐఎస్ఐ గుర్తు ఉండాలి, కీళ్ల దగ్గర సబ్బునీళ్లతో తరచూ పరీక్షించాలి.

చక్రాలు, తోసే పిడి

బండి తిరిగే దారిని ముందు మీరు నడిచి, అడ్డొచ్చే గట్లను, గుంతలను, ఎత్తుపల్లాలను స్కేలుతో కొలవండి. మల్లేశ్వరం, బసవనగుడి వంటి పాత పేటల్లో ఏటవాలు వీధులు ఉన్నాయి. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తులో 150 కిలోల బండిని ఆపి ఉంచడానికే పన్నెండున్నర కిలోల బలం నిరంతరం పెడుతూ ఉండాలి.

చక్రం పెద్దదైతే ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చెబుతాను. రెండున్నర సెంటీమీటర్ల రాతి అంచును ఎక్కించడానికి, 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న చక్రమైతే ఆ చక్రంపై ఉన్న బరువులో 88 శాతం బలం కావాలి. 60 సెంటీమీటర్ల చక్రమైతే 44 శాతం చాలు. ఫ్యాక్టరీ నున్నటి నేల కోసం చేసిన చిన్న రబ్బరు చక్రాలు చూడటానికి బాగుంటాయి, ధర తక్కువ. మన వీధులకు మాత్రం అవి పనికిరావు. సైకిల్ రిక్షాకు వాడే దళసరి ఊచల చక్రాలు తీసుకోండి. మామూలు సైకిల్ చక్రం పక్కబరువు పడితే వంగిపోతుంది. బేరింగులు 6203, 6204 వంటి మామూలు నంబర్లవే అయి ఉండాలి. ఏ వీధిలో ఆగిపోయినా దొరుకుతాయి. జె.సి. రోడ్డులో, కలాసిపాళ్యంలో తిరిగితే ఇవన్నీ ఒక్క పూటలో సమకూరుతాయి.

లాగడం కంటే తోయడం వెన్నుకు మేలు, దారి కూడా కనిపిస్తుంది. తోసే పిడి నడుముకు, మోచేతికి మధ్య ఉండాలి. చాలామందికి అది 90 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య పడుతుంది. నిలువుగా రెండు కడ్డీలు పెడితే పొట్టివారు కింద, పొడుగువారు పైన పట్టుకుంటారు, సర్దుబాటు మరలు అక్కరలేదు. పిడి మందం 32 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటే గుప్పిలి సరిగా పడుతుంది. సన్నని ఊచను పిడిగా వదిలేస్తే అది వేళ్ల మొదళ్లలోని నరాలను నొక్కుతుంది. దానికి నీళ్ల పైపు ముక్కో సైకిల్ రబ్బరు తొడుగో వేయండి.

బండి నిలబెట్టాక అది కదలకూడదు. బల్ల ఊగుతుంటే, మనకు తెలియకుండానే ఒళ్లంతా బిగబట్టి పనిచేస్తాం. టైరును నొక్కిపట్టే ఒక లివరు, దానితోపాటు బండి బరువును చక్రాల మీంచి తప్పించే రెండు దించుకాళ్లు పెట్టండి. లివరును కాలితో నొక్కగలగాలి.

సంచి మోసేవారికి, సైకిల్ మీద తిరిగేవారికి

ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల విషయంలో దారి అంటే మెట్లు. లిఫ్టు లేని మూడంతస్తుల ఇళ్లు బెంగళూరులో కోకొల్లలు. పనిముట్లన్నీ ఒకే సంచిలో వేసుకుని ఒక భుజాన తగిలించుకుంటే, సమతూకం కోసం వెన్ను రెండోవైపు వంగుతుంది. అందుకని సామానును రెండుగా విడదీయండి. పని ఏమిటో చూడటానికి, చిన్న మరమ్మతుకు కావలసిన టెస్టరు, స్క్రూడ్రైవర్లు, పానాలు, టేపు, టార్చి ఒక చిన్న సంచిలో పెట్టి పైకి తీసుకువెళ్లాలి. డ్రిల్లింగ్ మిషను, సుత్తులు, పైపు పానా వంటివి స్కూటర్ మీది పెట్టెలో ఉంచి, అవసరమైతేనే తెచ్చుకోవాలి. రెండు భుజాలకు వేసుకునే సంచిలో బరువైనవి వీపుకు ఆనుకుని, పట్టీలు అయిదారు సెంటీమీటర్ల వెడల్పుతో ఉండాలి. సంచి లోపల ప్రతి పనిముట్టుకూ తెరిచిన వెంటనే కనిపించే గది ఉండాలి. అడుగున వెతుక్కుంటూ మెట్ల మీద వంగి కూర్చునే నిమిషాలను కూడా లెక్కలోకి తీసుకోండి.

స్కూటర్ కాళ్ల దగ్గర పెట్టే పెట్టె పాదాలను బయటికి నెట్టకూడదు, హ్యాండిల్ తిరగడానికి అడ్డు రాకూడదు. వెనుక సీటు మీద పెట్టె అయితే బరువు మరీ పైకి చేరకుండా చూడండి. సింకు కింద, స్నానాల గది నేలపై చేసే పనికి చాలామంది గొంతుకూర్చుంటారు. మనకది అలవాటే అయినా, గంటల తరబడి అయితే మోకాళ్లకు భారం. 20 సెంటీమీటర్ల ఎత్తున్న తేలికపాటి పీట ఒకటి సంచికి తగిలించుకునేలా చేస్తే ఆ భారం చాలావరకు తగ్గుతుంది. ఆ పీటే మూత తెరిస్తే మరలు, వాషర్లు పెట్టుకునే డబ్బా కూడా కావచ్చు.

సాన పట్టేవారి సైకిల్లో చూడవలసింది సానరాయి ఎత్తు. సీటు మీద కూర్చుని తొక్కుతూ కత్తి పట్టినప్పుడు మణికట్టు నిటారుగా ఉండాలి. రాయికి నిప్పురవ్వల కవచం, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

అట్టతో, ఇటుకలతో చేసి చూడండి

కొలతలు కాగితం మీద ఎంత బాగున్నా వెంటనే వెల్డింగుకు ఇవ్వకండి. ఇటుకల మీద పలక పెట్టి, అరలకు బదులు అట్టపెట్టెలు కట్టి, అసలు ఎత్తులో ఒక నమూనా నిలబెట్టండి. వాడబోయే మనిషిని పిలిచి, నిజమైన బట్టలతో, నిజమైన పెట్టెతో రెండు గంటలు పని చేయించండి. ఆ రెండు గంటల సంపాదనను మీరే ఇవ్వండి. వారి సమయాన్ని ఉచితంగా తీసుకోవడం న్యాయం కాదు. పక్క నుంచి ఫోనుతో వీడియో తీస్తే మెడ ఎంత వంగుతోంది, భుజం ఎప్పుడు లేస్తోంది అన్నది తర్వాత తీరికగా చూడవచ్చు. బాగుందా అని అడగకండి, మర్యాదకు బాగుందనే అంటారు. ఇటుకలు ఒక వరుస తీసి, ఒక వరుస పెంచి, మూడు ఎత్తుల్లో చేయించి, ఏది ఉంచమంటారో అడగండి.

ఆ తర్వాత కూడా వెల్డరుతో మొదట చుక్క వెల్డింగు మాత్రమే వేయించి, ఒక పూట దారి మీద తిప్పి, ఆ తర్వాతే పూర్తిగా అతికించమనండి. వెల్డింగు మొత్తం అయ్యాక రెండు సెంటీమీటర్లు తగ్గించాలంటే ఎవరికీ మనసొప్పదు, ఆ రెండు సెంటీమీటర్లు మనిషి నడుము మీదే మిగిలిపోతాయి.

వాన, గాలి, చోటు

బెంగళూరులో ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనూ వాన చెప్పి రాదు. ఒక్క మనిషి, భుజం పైకి చేయి ఎత్తకుండా, రెండు నిమిషాల్లో బట్టలన్నీ కప్పగలిగేలా కప్పు ఉండాలి. పెద్ద గొడుగు ఒకే కడ్డీ మీద నిలబెడితే గాలికి బండినే పడదోయవచ్చు. కాబట్టి బల్ల పక్కలకు మడతపడే రెండు రేకుల కప్పు మేలు.

వీధి విక్రేతల జీవనోపాధి పరిరక్షణకు 2014లో వచ్చిన చట్టం వస్తువులు అమ్మేవారితోపాటు సేవలు అందించేవారినీ విక్రేతలుగానే గుర్తిస్తుంది. అందువల్ల ఇస్త్రీ చేసేవారు, చెప్పులు కుట్టేవారు విక్రేత గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. బండి వెడల్పు నిర్ణయించేటప్పుడు పాదచారులు, చక్రాల కుర్చీలో వెళ్లేవారు పక్క నుంచి పోగలిగేంత చోటు మిగలాలి. చోటు ఇరుకైతే బల్లలో ఒక రెక్కను మడిచేలా చేయండి. రాత్రి బండిని పెట్టే సందు వెడల్పు, గేటు వెడల్పు ముందే కొలిచి ఉంచుకోండి.

ఖర్చు, మరమ్మతు

2023 సెప్టెంబర్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బట్టలు ఉతికేవారు, చెప్పులు కుట్టేవారు, క్షురకులు, దర్జీలు, వడ్రంగులు, తాళాలు బాగుచేసేవారు ఉన్నారు. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఈ-వోచరు, శిక్షణ తర్వాత రెండు విడతల్లో మూడు లక్షల వరకు 5 శాతం వడ్డీతో రుణం అందులో భాగాలు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఆ జాబితాలో లేరు. మీరు రూపొందించే బండిలో ఏ భాగాలు పనిముట్ల కింద కొనవచ్చో, ఏవి రుణంతో చేయించుకోవాలో ఆ కుటుంబంతో కూర్చుని ముందే విడదీయండి. అంతా ఒకేసారి చేయలేకపోతే, పెట్టె ఆనించే రేకు, బల్ల ఎత్తు, చక్రాలు అన్న వరుసలో డబ్బు పెట్టండి.

ఊడదీయవలసిన ప్రతి కీలుకూ ఒకే సైజు బోల్టు వాడండి. అన్నీ ఎం8 బోల్టులైతే 13 నంబరు పానా ఒక్కటి బండికి కట్టి ఉంచితే సరిపోతుంది. రెండు నెలల తర్వాత తిరిగి వెళ్లి చూడండి. ఎక్కడ బట్ట చుట్టారో, ఎక్కడ తాడు కట్టారో, ఎక్కడ ఇటుక పెట్టారో చూస్తే మీ డిజైన్‌లో ఏది కుదరలేదో తెలుస్తుంది. ఆ సవరణలు కూడా చేర్చి, కొలతలన్నీ వేసిన బొమ్మను తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, బేరింగు నంబర్లతో, టైరు సైజుతో సహా ఒక కాపీ ఆ కుటుంబం ఫోనులో, మరొకటి వారికి దగ్గర్లో ఉన్న వెల్డింగ్ షాపులో ఉంచండి.